కొమ్మున్న సొరచేప ఎక్కడా లేదు

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. సముద్రతీరాన వొక పట్నంలో, కాలేజీ ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఎం.ఏ. పట్టా చేతికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. క్లాసులో ఎవరేది అడిగినా "తెలియదు" అనటం నామోషీ అనుకునే వయసు.

వొకనాటి మధ్యాహ్నం ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రవాడొకడు జూల్ వెర్న్ నవల సంక్షిప్త ప్రతి పట్టుకుని వచ్చాడు. సముద్రం కింద జలాంతర్గామిలో తిరిగే కెప్టెన్ నీమో కథ. వేలుపెట్టి వొక మాట చూపించి, "నార్వాల్ అంటే ఏమిటండీ, సార్?" అని అడిగాడు.

నేను తడుముకోలేదు. "అదొక రకం సొరచేప. ముక్కు మీద కొమ్ము వుంటుంది," అన్నాను.

వాడు కదలలేదు. జాలరిపేట పిల్లవాడు. తండ్రికి పడవ వుంది. "సొరకి కొమ్ముండదు గదండీ. రంపంలాంటి ముక్కుండేది వొకటుందని మా అయ్య చెప్పాడు. కొమ్ముండేది మాత్రం లేదండి," అన్నాడు.

"పుస్తకంలో వుంటే వుంటుంది. వెళ్లి కూర్చో," అన్నాను.

ఆ సాయంత్రం లైబ్రరీలో పెద్ద పుస్తకం తీసి చూశాను. నార్వాల్ చేపే కాదు. దానికున్నది కొమ్ము కాదు. అది ముక్కు మీదిదీ కాదు. వొక్క వాక్యంలో మూడు తప్పులు చెప్పాను. అంతకన్నా పెద్ద తప్పు మర్నాడు చేశాను. వాణ్ణి పిలిచి ఆ మాట చెప్పలేదు.

సాహస నవలల్లో తెలియని మాట ఎదురైనప్పుడు మనం చేసే పనులు రెండు. దాటేసి ముందుకు పోతాం. కథ ఆగదు గనుక నష్టం తెలియదు. లేదా నాలాగా ఏదో వొక అర్థం అంటగడతాం. మొదటి దానికన్నా రెండోదే ప్రమాదం. దాటేసినవాడికి కనీసం ఆ మాట తనకు తెలియదన్న సంగతి తెలుసు.

ఈ వారం ఆ నవలలోని మాటలు కొన్ని విప్పి చూద్దాం.

ఇరవై వేల లీగులు

ముందు పేరుతోనే మొదలుపెట్టాలి. ఫ్రెంచిలో ఈ నవల 1869 మార్చి నుంచి 1870 జూన్ వరకు వొక పత్రికలో ధారావాహికంగా వచ్చింది. "సముద్రాల కింద ఇరవై వేల లీగులు" అని పేరు. ఇది ఇరవై వేల లీగుల లోతు అని చాలామంది అనుకుంటారు. వెర్న్ లెక్కలో లీగు అంటే 4 కిలోమీటర్లు. మన వాడుకలో క్రోసు సుమారు రెండు మైళ్లు. లీగు దానికి కాస్త ఎక్కువ. ఇరవై వేల లీగులంటే 80,000 కిలోమీటర్లు. భూమి ఈ పక్కనుంచి ఆ పక్కకు తూట్లు పొడిచినా 13,000 కిలోమీటర్లు లేదు. అంత లోతు దిగితే నీమో భూమిలోంచి బయటపడి ఆకాశంలో పోతూ వుండాలి!

అది లోతు కాదు, నీటి కింద తిరిగిన దూరం. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు గనుక రెండు ప్రదక్షిణాలంత. ఇక అసలు లోతు మాట. పసిఫిక్ మహాసముద్రంలో అన్నిటికన్నా లోతైన చోటు సుమారు 11 కిలోమీటర్లు. 1960లో ట్రియెస్ట్ అనే ఉక్కుగుండులాంటి వాహనంలో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అక్కడి అడుగు దాకా దిగి వచ్చారు.

నార్వాల్

నవల మొదట్లో ఓడలను గుద్ది బెజ్జాలు చేస్తున్న భూతం ఏమిటో ఎవరికీ తెలియదు. ప్రొఫెసర్ ఆరొనాక్స్ తన పాండిత్యమంతా వుపయోగించి, అది బ్రహ్మాండమైన నార్వాల్ అని పత్రికలో రాస్తాడు. చివరికి అది ఉక్కుతో చేసిన జలాంతర్గామి అని తేలుతుంది. ప్రొఫెసర్లు పొరపడటం నాతోనే మొదలు కాలేదని ఇక్కడ కొంత ఊరట.

నార్వాల్ ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు సముద్రాల్లో వుండే తిమింగిల జాతి జంతువు. పిల్లలకు పాలిస్తుంది, పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. కొమ్ములా కనబడేది దాని పన్ను. మగదానికి పైదవడ ఎడమవైపు పన్ను పెదవిని చీల్చుకుని, తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ ముందుకు పెరుగుతుంది. మూడు మీటర్ల దాకా వుండవచ్చు. పూర్వం ఐరోపాలో వర్తకులు ఆ పన్నును వొంటికొమ్ము గుర్రపు కొమ్మని చెప్పి బంగారం ధరకు అమ్మారు. విషానికి విరుగుడని రాజులు కొన్నారు. డెన్మార్క్ రాజుల పాత సింహాసనం వొకటి ఈ పళ్లతో చేసిందే. అది ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లోని రోజన్‌బోర్గ్ కోటలో వుంది.

నాటిలస్, ఆర్గొనాట్

నీమో ఓడ పేరు నాటిలస్. వెర్న్ కన్నా చాలా ముందు, 1800లో, రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికన్ ఫ్రాన్సులో వొక జలాంతర్గామి కట్టి ఇదే పేరు పెట్టాడు. అమెరికా వారి మొదటి అణు జలాంతర్గామికీ ఇదే పేరు. అది 1958లో ఉత్తర ధ్రువం మంచు కిందుగా వెళ్లింది.

అసలు నాటిలస్ శంఖంలా చుట్ట చుట్టుకున్న గుల్లలో వుండే జీవి. గుల్లను నిలువుగా కోసి చూస్తే లోపల గది వెంట గది వుంటుంది. జీవి పెరిగిన కొద్దీ ముందుకు జరిగి, వెనుక అడ్డుగోడ కట్టుకుంటుంది. తానుండేది అన్నిటికన్నా ముందు గదిలోనే. ఖాళీ గదుల గుండా సన్నని గొట్టం వొకటి పోతుంది. దాని ద్వారా గదుల్లోని నీరు తోడేస్తే ఆ చోట గాలి చేరి, గుల్ల తేలికవుతుంది. నీమో ఓడ తొట్లలోకి నీరు నింపి మునుగుతుంది, నీరు తోడి తేలుతుంది. పేరు ఎందుకు పెట్టారో ఇప్పుడు చూడండి.

హిందూమహాసముద్రంలో ప్రొఫెసర్‌కు ఆర్గొనాట్‌ల గుంపు కనిపిస్తుంది. పల్చని తెల్లని గుల్లల్లో కూర్చుని, రెండు చేతులు తెరచాపలా గాలికి ఎత్తి ప్రయాణం చేస్తున్నాయట. ఆర్గొనాట్ తన గుల్లను వదిలి పోగలిగి కూడా పోదని ప్రొఫెసర్ అంటే, ఆయన సేవకుడు కన్సెయ్, నీమో కూడా అంతే గనుక ఓడకు ఆ పేరే పెట్టివుండవలసిందని అంటాడు. నవలలో నాకు నచ్చిన సంభాషణల్లో ఇది వొకటి.

కాని ఆ తెరచాప మాట నిజం కాదు. గ్రీకుల కాలం నుంచి వస్తున్న నమ్మకం. ఆర్గొనాట్ ఎనిమిది చేతుల ఆక్టోపస్ జాతిది. ఆ గుల్ల ఆడది గుడ్లు దాచుకోవటానికి కట్టుకునే పొదరిల్లు. దాన్ని మరొక జీవి దగ్గర దొంగిలిస్తుందని కూడా పండితులు వాదించేవారు. 1830ల్లో సిసిలీ ద్వీపంలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి వనిత గాజుతొట్లలో సముద్రపు నీరు పోసి, ఆర్గొనాట్‌లను పెంచి, నెలల తరబడి కనిపెట్టి చూసింది. రెండు చేతుల చివర వున్న వెడల్పాటి పొరలతోనే అది గుల్ల కడుతుందనీ, పగిలితే అతుకు వేసుకుంటుందనీ రుజువు చేసింది. వాదించేవాళ్లు వాదిస్తూ వుంటే ఆమె చూసింది. తేడా అంతా అక్కడే వుంది.

భూతం చేతులు, సముద్రపు నురుగు

బహామా దీవుల దగ్గర జరిగే యుద్ధాన్ని చదివినవాళ్లెవరూ మరిచిపోరు. పెద్దపెద్ద చేతుల జంతువులు ఓడను చుట్టేస్తాయి. వొక నావికుణ్ణి ఎత్తుకుపోతాయి. నీమో కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఈ జంతువును కొన్ని అనువాదాల్లో ఆక్టోపస్ అంటారు, కొన్నింట కటిల్‌ఫిష్ అంటారు, కొన్నింట స్క్విడ్ అంటారు. ఏది నిజం?

ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు. స్క్విడ్‌కు ఎనిమిది చేతులు గాక, ఎరను పట్టటానికి పొడుగాటి తంతులు మరి రెండు. వెర్న్ తన జంతువును స్క్విడ్ అనే చెప్పి, చేతులు మాత్రం ఎనిమిదే ఇచ్చాడు. అందుకని అనువాదకులను పూర్తిగా తప్పుపట్టలేం. జంతువు కల్పితం కాదు. 1861లో అలెక్టన్ అనే ఫ్రెంచి యుద్ధనౌక కానరీ దీవుల దగ్గర అలాంటి దాన్ని చూసి, ఉచ్చు వేసి లాగితే తోక ముక్క మాత్రమే దక్కింది. ఆ సంగతి నవలలోనే వుంది. మహాస్క్విడ్ తంతులతో కలిపి పన్నెండు, పదమూడు మీటర్ల దాకా పెరుగుతుంది. కన్ను చిన్న పళ్లెమంత. సముద్రగర్భంలో అది బతికి తిరుగుతూ వుండగా మొట్టమొదటి ఫొటోలు తీసింది జపాను శాస్త్రజ్ఞులు, 2004లో.

కటిల్‌ఫిష్ అంటే మనకు కొత్త అనుకుంటాం. దాని ఎముక మన ఇళ్లలో వుండేది. పచారీ కొట్లో, మూలికల దుకాణంలో "సముద్రపు నురుగు" అని తెల్లగా, తేలిగ్గా, గోటితో గీస్తే పొడి రాలే బిళ్ల ఇస్తారు చూడండి, అదే. వైద్యగ్రంథాల్లో సముద్రఫేనం. నిజానికి అది నురుగు గట్టిపడింది కాదు, కటిల్‌ఫిష్ వీపులోని పెంకు. నాటిలస్ గుల్లలాగే దానిలోనూ సన్నని గదులుంటాయి. పనీ అదే, మునగటం, తేలటం. మా అమ్మమ్మ మందులపెట్టెలో ఆ బిళ్ల చూస్తూ పెరిగాను. అది వొక జంతువుదని నాకు ముప్పై ఏళ్లకు గాని తెలియలేదు. ఒడ్డున ఏరుకునే జాలరి పిల్లలకు ఏడేళ్లకే తెలుసు.

పాలసముద్రం

నీమో ఓడ మన బంగాళాఖాతం ముఖద్వారం దగ్గరికి వస్తుంది. రాత్రివేళ సముద్రమంతా పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తుంది. వెన్నెల కాదు. తెలుగు చదువుకున్నవాడికి ఇక్కడ క్షీరసాగరం గుర్తుకు రాక మానదు. కాని గుర్తుకు రావటం వేరు, రెండూ వొకటేనని తేల్చటం వేరు. పురాణం దారి పురాణానిది.

ప్రొఫెసర్ ఆ వెలుగుకు కారణం వెంట్రుకంత సన్నని పురుగులని చెబుతాడు. ఆనాటికి తెలిసింది అంతే. 1985లో అరేబియా సముద్రంలో పరిశోధక నౌక వొకటి ఇలాంటి నీటిని తోడి పరీక్షిస్తే వెలుగునిచ్చే బాక్టీరియా దొరికింది. 1995లో సోమాలియా దగ్గర లిమా అనే ఓడవారు పాలసముద్రం చూశామని రాసి పెట్టుకున్నారు. పదేళ్ల తర్వాత ఆ రోజు ఉపగ్రహం తీసిన బొమ్మలు వెదికితే నిజంగానే ఆ వెలుగు వుంది. 2019లో జావా దక్షిణాన గణేశ అనే తెరచాప నావలో వెళ్తున్నవారు ఆ వెలుగును ఫొటో తీశారు. నూరేళ్లకు పైగా నావికులు చెబుతూ వుంటే సముద్రం ఎరగనివాళ్లు నవ్వారు. చివరికి ఆకాశంలోంచి సాక్ష్యం వచ్చింది.

కార్క్ కోటు

నీమో మనుషులు సముద్రపు అడుగున నడవటానికి వొళ్లంతా కప్పే దుస్తులు, లోహపు శిరస్త్రాణం, వీపున గాలి నింపిన తొట్టి ధరిస్తారు. ఈ గాలితొట్టి కల్పన కాదు. రుకెరోల్, డెనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1860ల్లో తయారుచేసిందాన్ని వెర్న్ పేర్లతో సహా చెప్పి, కాస్త పెంచాడు. అయితే మొదటి ఇంగ్లీషు అనువాదకుడు ఈత దుస్తుల మాట చూసి "కార్క్ కోటు" అని రాశాడు. కార్క్ బెండు. బెండు కట్టుకుంటే మునగటం ఎలా? దశాబ్దాల తరబడి ఇంగ్లీషు పాఠకులు బెండుకోట్లు తొడుక్కుని సముద్రపు అడుగున నడిచే మనుషులను చదివారు. అదే అనువాదకుడు అమెరికాలోని "బాడ్‌లాండ్స్" అనే ప్రాంతం పేరును పేరని గుర్తించక, "అప్రియమైన ప్రదేశం" అని తర్జుమా చేశాడు. ఆయన కూడా ఎవరినీ అడగటం నామోషీ అనుకున్నాడేమో!

ముత్యం, ముత్యాలవాడు

ఓడ సింహళం చేరుతుంది. అక్కడ మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల తిట్టలు వున్నాయి. స్వాతివాన చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందని మనవాళ్ల మాట, అందమైన మాట. జరిగేది వేరు. చిప్పలోకి పరాన్నజీవో, మరేదో చొరబడి మెత్తని పొరకు గాయమైతే, ఆ పొరలోని కణాలు దాని చుట్టూ మెరిసే పూత మీద పూత వేస్తాయి. నొప్పి చుట్టూ అల్లుకున్న పూతే ముత్యం. ఈ కిటుకు పట్టుకునే జపానులో మికిమోటో 1893లో ముత్యాలు పెంచాడు. 1973లో మన తూత్తుకుడిలోనూ సాధించారు. సముద్రం లేని హైదరాబాదుకు ముత్యాల నగరమని పేరు రావటం మరో వింత.

ఇక ముత్యాలు తీసే మనిషి. పాదానికి రాయి కట్టుకుని దిగుతాడు. ఊపిరి బిగబట్టి అర నిమిషం చిప్పలు ఏరుతాడు. నవలలో అలాంటి పేద భారతీయుడొకణ్ణి సొరచేప పట్టుకోబోతుంది. నీమో బాకు తీసి దానిమీద కలబడి, అతణ్ణి బతికించి, చేతిలో ముత్యాల సంచి పెడతాడు. మనుషులంటేనే విరక్తి చెందినవాడు ఇదెందుకు చేశాడని ప్రొఫెసర్ ఆశ్చర్యపోతాడు. ఆ మనిషి పీడితుల దేశస్థుడనీ, తనదీ ఆ దేశమేననీ నీమో జవాబు చెబుతాడు.

నీమో

నవలలో అందరూ దాటేసే అసలు మాట ఇదే. నీమో అంటే లాటిన్‌లో "ఎవరూ కాదు" అని అర్థం. పేరు అడిగితే "ఎవరూ కాదు" అని చెప్పిన మనిషి. ఈ నవలలో అతని దేశం ఎక్కడా బయటపడదు. 1874-75లో వచ్చిన "రహస్య ద్వీపం" అనే మరో నవల చివర, ముసలి నీమో మరణశయ్య మీద తన సంగతి చెబుతాడు. అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్. 1857 తిరుగుబాటులో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, భూమిని వదిలి సముద్రంలోకి వెళ్లిపోయినవాడు.

ఫ్రాన్సులో కూర్చున్న రచయిత, తిరుగుబాటు జరిగి ఇరవై ఏళ్లయినా కాకముందే, ఇంగ్లీషువారి మీద కత్తి దూసిన భారతీయుణ్ణి తన కథలన్నిటికీ తలమానికంలాంటి పాత్రను చేశాడు. ఎంతమంది మనవాళ్లు ఈ నవల చదివి, ఎవరో దొరల కథ అనుకుని పక్కన పెట్టారో! ఆ నీటి అడుగున చచ్చి బతికిన ముత్యాలవాడూ, అతణ్ణి బతికించినవాడూ ఇద్దరూ మనవాళ్లే.

పోయిన సంక్రాంతికి ఆ కుర్రవాడు, అంటే ఇప్పుడు ముప్పై దాటిన మనిషి, కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఓడరేవులో ఉద్యోగం. పిల్ల చేతిలో అదే నవల, బొమ్మలున్నది. నాకు గుండెలో కలుక్కుమంది. "ఒరేయ్, అప్పుడు నార్వాల్ అంటే సొరచేప అని చెప్పాను గుర్తుందా? అది తప్పురా," అన్నాను.

"తెలుసండి, సార్. ఆ వారంలోనే లైబ్రరీలో చూశాను. మీరు చెబుతారేమో అని కొన్నాళ్లు చూశాను," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

అంతలో పిల్ల వేలుపెట్టి, "రెమోరా అంటే ఏంటండీ?" అని అడిగింది.

"నాకు తెలియదమ్మా. వుండు, చూసి చెబుతాను," అన్నాను. పద్దెనిమిదేళ్లలో నేను నేర్చుకున్న వాక్యం అది. లేచి వెళ్లి పుస్తకం తెచ్చి, ముగ్గురం కలిసి చూశాం. రెమోరా నెత్తిమీద చట్టులాంటి పట్టు వున్న చేప. పెద్దపెద్ద జంతువులకు అతుక్కుని వూరికే ప్రయాణం చేస్తుంది. దాని తోకకు తాడు కట్టి వదిలి తాబేళ్లను పట్టడం కూడా నవలలో వుంది.

"దేనికి అతుక్కుంటుందండీ?" అన్నది పిల్ల.

పుస్తకంలో మరోసారి చూసి మరీ చెప్పాను. "ఎక్కువగా సొరచేపలకమ్మా. ఈసారి నిజంగా సొరచేపే."